పాత కారు స్పీకర్లు: వాట్ల కంటే ముందు తలుపు సంగతి చూడాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

పత్రికల్లోని వాహనాల పేజీలు కొత్తగా వచ్చిన కార్ల గురించి రాసినంత విరివిగా, పదిహేనేళ్లుగా మన వాకిళ్లలో ఉంటున్న పాత కార్ల గురించి రాయవు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో నావంటి పింఛనుదారులు, చిన్న వ్యాపారులు, పల్లె నుంచి పట్నానికి తిరిగే రైతులు ఎందరో ఆ పాత కార్లనే నమ్ముకుని ఉన్నారు. ఆ కార్లకు కంపెనీ అమర్చి ఇచ్చిన స్పీకర్లు పాడైనప్పుడు వాటిని ఎలా మార్చుకోవాలన్న విషయం మీద ఈ లేఖ రాస్తున్నాను. ఇది చిన్న విషయమని పక్కన పెట్టవద్దని మనవి. దీని పేరున అక్కరలేని ఖర్చు జరగడమే గాక, పని సరిగా తెలియని చేతుల్లో పడి తలుపుల్లో నీళ్లు నిలిచి, వైర్లు తెగి, నిక్షేపంగా ఉన్న బండ్లు చెడిపోతున్నాయి.

నా సెడాన్ 2008లో కొన్నది. పదిహేనేళ్లు నిండిన తరువాత 2023లో హరిత పన్ను కట్టి, మరో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాను. ఇంజను బాగుంది, ఏసీ బాగుంది. చిత్తూరు నుంచి పూతలపట్టు, చంద్రగిరి మీదుగా తిరుపతికి పదిహేను రోజులకొకసారైనా నేనూ నా భార్యా వెళ్లివస్తూ ఉంటాము. దాదాపు డెబ్బై కిలోమీటర్ల ఆ దారిలో ఆమె కీర్తనలు వింటుంది. రెండేళ్ల క్రితం ఎడమవైపు ముందు తలుపులోంచి గరగరమనే మోత మొదలైంది. మృదంగం కుడివైపు మోగినప్పుడు ఏమీ ఉండదు, మృదంగానికి ఎడమవైపు మంద్రంగా పలికే తొప్పి మీద చేయి పడగానే మాత్రం కాగితం నలిపినట్టు వినిపించేది. కొన్నాళ్లకు కుడి తలుపు కూడా అదే దారి పట్టింది.

స్పీకర్లు మార్పిద్దామని ఒక దుకాణానికి వెళ్లాను. ఏ ఊరో, ఏ వీధో చెప్పను, ఎందుకంటే నా ఫిర్యాదు ఆ ఒక్కరి మీద కాదు. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో 300 వాట్లు అని ఉన్న ఆరున్నర అంగుళాల జతను చూపించి, గంటన్నరలో బిగించి ఇచ్చారు. బిల్లు అడిగితే తెల్లకాగితం చీటీ మీద మొత్తం రాసి చేతిలో పెట్టారు. ఇంటికి వస్తూ విన్నాను. గరగర పోయింది గానీ, దానితో పాటు తొప్పి నాదం కూడా పోయింది. గాయని గొంతు ఎదురుగా నిలిచి పాడినట్టు కాక, ఎటునుంచి వస్తున్నదో తెలియకుండా చెదిరిపోయింది. మళ్లీ వెళ్లి అడిగితే, పాత బండి కనుక సెట్టు, అంటే పాటలు వినిపించే స్టీరియో, మార్చాలి, ధ్వని శక్తిని పెంచే ఆంప్లిఫయర్ పెట్టాలి, డిక్కీలో మంద్ర స్వరాల పెద్ద స్పీకరైన వూఫర్ వేయాలి అన్నారు. అంటే నేను ఖర్చు చేసినదానికి ఐదారింతలు. నేను ఒప్పుకోలేదు. ఆ ఏడాది ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక కుడి తలుపు తెరిచినప్పుడల్లా లోపల నీళ్లు కదిలే చప్పుడు వినబడసాగింది.

టెలిఫోన్ శాఖలో 31 ఏళ్లు వైర్లతోనే గడిపినవాడిని కనుక, ఒక ఆదివారం బ్యాటరీ నెగెటివ్ వైరు తీసివేసి ఆ తలుపు డోర్‌ప్యాడ్, అంటే లోపలివైపు కప్పు, నేనే విప్పాను. అక్కడ కనబడినది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. స్పీకరు వెనక వాన నీళ్లను ఆపడానికి కంపెనీ అంటించిన పాలిథీన్ పొర అడ్డదిడ్డంగా చిరిగి వేలాడుతోంది. వైర్లను కలిపే కంపెనీ కప్లరును కోసి, వైర్ల కొసలు చేత్తో మెలివేసి ఇన్సులేషన్ టేపు చుట్టారు. ఎండకు ఆ టేపు జిగురు కారి ఒక కొస బయటపడింది. శబ్దం తగ్గించడానికని అంటించిన తారు షీటు వేడికి జారి, తలుపు అడుగున నీళ్లు పోవడానికి ఉన్న సన్నని రంధ్రాలను మూసేసింది. కాలువ పూడిస్తే మడిలో నీళ్లు నిలిచినట్టే, తలుపు అడుగున రెండు వేళ్ల ఎత్తు నీళ్లు నిలిచి ఉన్నాయి. రేకు అంచున తుప్పు అప్పుడే మొదలైంది.

ఇక ధ్వని పలచబడిన సంగతి. టార్చిలైటులో వేసే 1.5 వోల్టుల సెల్లు ఒకటి తీసుకుని, దాని ప్లస్‌ను స్పీకరు ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు ఒక్క క్షణం తాకిస్తే కోను, అంటే స్పీకరులో కదులుతూ ధ్వనినిచ్చే గరాటు వంటి భాగం, టప్పుమని ముందుకు రావాలి. తలుపు దగ్గరి వైర్ల జతకు ఈ పరీక్ష చేస్తే ఎడమవైపు కోను ముందుకు వచ్చింది, కుడివైపుది లోపలికి పోయింది. అంటే ఒక వైపు ప్లస్, మైనస్ తారుమారు చేసి కలిపారు. ఒకటి గాలిని నెడుతున్నప్పుడు రెండోది లాగుతూ ఉంటే మంద్ర స్వరాలు ఒకదానినొకటి చంపుకుంటాయి. రెండు వైర్లు అటుదిటు చేయడంతో సరిపోయే లోపానికి నాకు ఆంప్లిఫయర్ అమ్మబోయారన్నమాట. ఈ మాట కోపంతో రాయడం లేదు, బాధతో రాస్తున్నాను.

అసలు మనవాళ్లు స్పీకరు కొనేటప్పుడు చూసేది ఒక్కటే, పెట్టె మీది వాట్లు. ఆ అంకె స్పీకరు క్షణకాలం తట్టుకోగలదని తయారీదారు చెప్పుకునే గరిష్ఠ పరిమితి మాత్రమే, అది ఇచ్చే ధ్వని కొలత కాదు. నిలకడగా ఎంత తట్టుకుంటుందో చెప్పేది ఆర్‌ఎంఎస్ అనే వేరే అంకె. అది పెట్టె వెనక చిన్న అక్షరాలలో ఉంటుంది. అంతకంటే ముఖ్యం, పాత కారులోని సెట్టు ఎంత ఇవ్వగలదన్నది. సెట్టు మీద 50 వాట్ల చొప్పున నాలుగు అని ముద్రించి ఉన్నా నమ్మనక్కరలేదు, లెక్క కట్టి చూడవచ్చు. కారు నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర సుమారు 14.4 వోల్టులు ఉంటాయి. వోల్టేజిని పెంచే ఏర్పాటు సెట్టులో ఉండదు కనుక స్పీకరుకు అందే శిఖర వోల్టేజి అంతకు మించదు. శిఖర విలువ నుంచి నిలకడ (ఆర్‌ఎంఎస్) విలువ తెలియడానికి దానిని 1.414తో భాగిస్తే 10.2 వస్తుంది. 10.2ను దానితోనే గుణించి, స్పీకరు నిరోధమైన 4 ఓములతో భాగిస్తే 26 వాట్లు. లోపల ఏ నష్టమూ లేనప్పటి లెక్క ఇది. నష్టాలు పోగా, ధ్వని పగలకుండా ఒక్కో స్పీకరుకు అందేది 18 నుంచి 20 వాట్లు. కంపెనీ సెట్టును ఉంచుకునేవారికి 300 వాట్ల స్పీకరు వల్ల ఒరిగేదేమీ లేదు.

అటువంటివారు చూడవలసినది సెన్సిటివిటీ అనే అంకె. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తుందో అది చెబుతుంది. మూడు డెసిబెల్స్ ఎక్కువ రావాలంటే వాట్లు రెట్టింపు కావాలి, ఆరు డెసిబెల్స్ ఎక్కువ రావాలంటే నాలుగింతలు కావాలి. 86 డెసిబెల్స్ స్పీకరుకు 18 వాట్లు ఇచ్చి తెచ్చే ధ్వనిని 92 డెసిబెల్స్ స్పీకరు నాలుగున్నర వాట్లకే ఇస్తుంది. పెద్ద మ్యాగ్నెట్, బరువైన కోను, పెద్ద అంకె ఉన్న స్పీకరు మన పాత సెట్టు మీద నీరసంగా పాడటానికి, పేరు లేని తేలికపాటి స్పీకరు నిండుగా పాడటానికి కారణం ఇదే. నేను అడిగిన నాలుగు దుకాణాల్లో ఒక్క చోట మాత్రమే ఈ అంకె ఏమిటో చెప్పగలిగిన కుర్రవాడు కనబడ్డాడు. అతనిని మనసారా మెచ్చుకున్నాను.

అయితే ఎంత మంచి స్పీకరు తెచ్చినా తలుపు సరిగా లేకపోతే ప్రయోజనం సగమే, నా లేఖలో ముఖ్యమైన మాట ఇదే. కోను ముందుకు కదిలినప్పుడు ముందరి గాలి నొక్కుకుంటుంది, వెనకటి గాలి పలచబడుతుంది. ఈ రెండూ కలిస్తే ధ్వని మిగలదు. సెకనుకు 100 కంపనాలున్న మంద్ర స్వరం తరంగం పొడవు 3.4 మీటర్లు. తలుపు లోపలి రేకుకు స్పీకరుకు జానెడు దూరంలోనే అరచేయి దూరేంత కంతలు ఉంటాయి. అంత పొడవైన తరంగానికి జానెడు దూరం దూరమే కాదు, వెనకటి గాలి ఆ కంతల్లోంచి వచ్చి ముందరి గాలితో కలిసిపోతుంది. పెళ్లి పందిళ్లకు మైకుసెట్టువాళ్లు స్పీకర్లను చెక్కపెట్టెల్లో బిగించి తెచ్చేది అందం కోసం కాదు, ఈ వెనకటి గాలిని బంధించడానికే. కారులో ఆ పెట్టె తలుపే. కనుక తలుపు లోపలి రేకు కంతలను రేకు అదురును అణిచే బ్యూటైల్ డ్యాంపింగ్ షీటుతో మూయాలి, బయటి రేకు మధ్యభాగంలో రెండు మూడు ముక్కలు అంటించాలి, స్పీకరు చుట్టూ నురుగు పట్టీ వేసి గాలి సందు లేకుండా బిగించాలి. రేకంతా కప్పాలని కొందరు చెబుతారు, ఆ అవసరం నాకు కనబడలేదు. అంటించకముందు బయటి రేకును వేలి కణుపుతో కొడితే కిరసనాయిలు డబ్బాలా టంగుమని మోగింది. అంటించాక చెక్కను కొట్టినట్టు మందంగా పలికింది. షీట్లకు నాకైన ఖర్చు స్పీకర్ల ఖర్చులో సగం కూడా కాలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే, ఎండలో నిలిపిన కారు లోపల వేడి అంతకంటే చాలా ఎక్కువ. మిద్దె మీద వాన కారకుండా వేసే తారు షీట్లు తక్కువ ధరకు వస్తాయని కొందరు అవే తలుపులో అంటిస్తున్నారు. వేడికి అవి మెత్తబడి జారుతాయి, కారంతా తారు వాసన వేస్తుంది. షీటు ఏదైనా తలుపు అడుగు రంధ్రాలకు మాత్రం తగలకూడదు. అద్దం పక్క రబ్బరు మీదుగా వాననీరు తలుపు లోపలికి దిగడం సహజం, అది అడుగు నుంచి బయటికి పోవాలనే తయారీదారులు ఆ దారి ఉంచారు.

పాత స్పీకర్లు పాడవడానికి కారణం కూడా ఈ ఎండా తేమలే. విప్పి తీసిన నా పాత స్పీకరు కోను చెక్కుచెదరలేదు, కాని దాని చుట్టూ ఉండే నురుగు వలయం వేలు తగలగానే కాల్చిన అప్పడంలా పొడిపొడిగా రాలిపోయింది. ఆ నురుగు తేమకు, సూర్యుడి అతినీలలోహిత కిరణాలకు ఏళ్ల తరబడి విరిగిపోతుంది. ఆ పట్టు పోయిన కోను పక్కకు ఒరిగి, దాని వెనక ఉండే తీగచుట్ట (వాయిస్ కాయిల్) మ్యాగ్నెట్‌కు రాసుకోవడమే నేను విన్న గరగర. కనుక కొత్తవి కొనేటప్పుడు రబ్బరు వలయం, నీటికి తడవని పాలీప్రొపిలీన్ కోను ఉన్నవి చూసుకోవడం మంచిది. బిగించే రింగు కూడా ప్లాస్టిక్‌దైతే మేలు, ఎండీఎఫ్ చెక్కతో చేసినది తలుపులోని తేమకు ఉబ్బి విచ్చుకుంటుంది.

సెడాన్ కార్లకు ప్రత్యేకమైన సంగతి ఒకటి ఉంది. వెనక అద్దం కింది పలకలో బిగించే ఆరు బై తొమ్మిది అంగుళాల కోడిగుడ్డు ఆకారపు స్పీకర్లకు డిక్కీ మొత్తం పెట్టెలా పనికివస్తుంది, అందుకే అవి చిన్న శక్తితోనే మంద్ర స్వరాలను బాగా పలికిస్తాయి. కాని రోజంతా వెనక అద్దంలోంచి ఎండ నేరుగా పడేది వాటి మీదే, అందువల్ల మొదట రాలిపోయే నురుగు కూడా వాటిదే. మరోవైపు, డిక్కీలో వూఫర్ పెట్టమని సలహా ఇచ్చేవారు వెనక సీటు గోడలా అడ్డం ఉందని మరచిపోతారు. హ్యాచ్‌బ్యాక్‌లో డిక్కీ, కూర్చునే చోటు ఒకటే గాలి, సెడాన్‌లో కాదు. ఆ వూఫర్ శక్తి కొంత నంబరు ప్లేటును, డిక్కీ మూతను గడగడలాడించడానికే ఖర్చవుతుంది. సంగీతం ఎదురుగా ఉండి వినేది కనుక, డబ్బు పరిమితంగా ఉన్నవారు ముందు రెండు తలుపుల మీద పెట్టడం మంచిదని నా అభిప్రాయం. తార స్వరాలు పలికించే చిన్న స్పీకరైన ట్వీటరు విడిగా వచ్చే కాంపొనెంట్ జత వేసుకుంటే దానిని అద్దం మూల దగ్గర, చెవి ఎత్తులో అమర్చవచ్చు. మోకాలి దగ్గరి తలుపు స్పీకరు నుంచి వచ్చే తార స్వరాలు కాళ్లకు, సీట్లకు తగిలి అణిగిపోతాయి, పైన ఉన్న ట్వీటరు మాత్రం సూటిగా చెవికి చేరుతుంది. అంత వద్దనుకుంటే ట్వీటరు మధ్యలోనే ఉండే కోయాక్సియల్ స్పీకరు చాలు.

కొనేముందు పాత స్పీకరు నిరోధాన్ని మల్టీమీటరుతో కొలవాలి. 4 ఓముల స్పీకరు మీటరులో మూడుకు పైచిలుకు చూపిస్తుంది. 4 ఓముల స్పీకర్లకు తయారైన సెట్టుకు 2 ఓములవి తగిలిస్తే సెట్టు వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది. అద్దం పూర్తిగా కిందికి దించి, మ్యాగ్నెట్ దానికి తగలకుండా ఎంత లోతు ఉందో స్కేలుతో చూసుకోవాలి. కంపెనీ కప్లరును కోయనక్కరలేకుండా దానికి సరిపడే అడాప్టర్ కప్లర్లు దొరుకుతాయి, దొరకనిచోట టంకం వేసి, వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవు తొడగాలి. కాస్త తరువాతి కార్లలో సీటు పక్కన ఎయిర్‌బ్యాగులు ఉంటాయి, వాటి పసుపు రంగు కప్లర్లను ఎవరూ ముట్టుకోకూడదు.

శబ్దం గురించి కూడా ఒక మాట. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు. నేను కోరుతున్నది వీధంతా వినబడే మోత కాదు. తలుపు సరిచేసిన కారులో వాల్యూం తగ్గించుకున్నా మాట, తాళం స్పష్టంగా వినబడతాయి. భాకరాపేట ఘాట్ మలుపుల్లో ఎదుటి లారీ హారన్ వినబడని కారు ఎవరికీ క్షేమం కాదు.

నేను కుడి తలుపు నీళ్లు తీసి, తుప్పు గీకి రంగు వేసి, వైర్లు సరిచేసి, రెండు తలుపులకూ షీట్లు అంటించి, ఆ దుకాణంవారు అమ్మిన స్పీకర్లనే మళ్లీ బిగించాను. సెట్టు పాతదే, ఆంప్లిఫయర్ లేదు, వూఫర్ లేదు. తరువాతి ప్రయాణంలో పూతలపట్టు దాటాక నా భార్య, "ఈ పాటలో ఘటం కూడా ఉందా? ఇన్నేళ్లూ తెలియలేదే" అంది.

దుకాణదారులకు నా మనవి ఇది. మీ పనివాళ్లలో చాలామంది చేతి నేర్పు ఉన్న పిల్లలే. ప్లస్, మైనస్ పరీక్షకు ఒక సెల్లు, ఒక క్షణం చాలు, అది నేర్పించండి. పాలిథీన్ పొరను చింపకుండా తిరిగి అంటించమనండి. బిగించిన తరువాత డబ్బు తీసుకునేముందు కొనేవారిని కారులో కూర్చోబెట్టి, వారికి నచ్చిన పాట ఒకటి వినిపించండి. మన రెండు జిల్లాల ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు కారు ఆడియో పనికి పది రోజుల శిక్షణ పెట్టగలిగితే ఈ పిల్లలకు అంతకు మించిన ఉపకారం ఉండదు.

కొనేవారు బిల్లు అడగడానికి మొహమాటపడవద్దు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వస్తువుకు గానీ సేవకు గానీ బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు చెప్పుకోవచ్చు. ఆ చట్టం గురించి తెలిసీ నేను ఆనాడు తెల్లచీటీ తీసుకుని వచ్చేశాను, అందుకే తిరిగి వెళ్లినప్పుడు నా దగ్గర చూపడానికి ఏ ఆధారమూ లేకపోయింది.

మీ వాహనాల పేజీలో పాత కార్ల నిర్వహణకు వారానికొక చిన్న శీర్షిక కేటాయించి, స్పీకరు బిల్లు మీద ఆర్‌ఎంఎస్ వాట్లు, ఓములు, సెన్సిటివిటీ ఈ మూడూ రాయించుకోవాలని మొదటి వారమే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి,
గ్రీమ్స్‌పేట, చిత్తూరు.